గుట్ట మీద కట్టిన పాట

మా క్వార్టర్ తలుపు పక్కన గోడకు ఒక చెక్క ఉండేది. మూరెడు పొడుగు, జానెడు వెడల్పు. దాని మీద రెండు వరుసల మొలలు. పై వరుస ఇంట్ల ఉన్నోళ్లకు, కింది వరుస బయటికి పోయినోళ్లకు. నూనె డబ్బా రేకును గుండ్రంగ కత్తిరించి బాపు ఐదు బిళ్ళలు చేసిండు. ఒక్కోదాని మీద ఒక్కో గుర్తు గీకిండు. అమ్మది కుండ, తమ్మునిది సైకిల్ చక్రం, బాపమ్మది ఆకు. బాపమ్మ అంటే బాపును కన్నతల్లి. బాపు తనది గనిలో నెత్తికి పెట్టుకునే బత్తీ. నాది దీపం. గడప దాటినోళ్లు తమ బిళ్ళను పై మొల నుంచి తీసి కింది మొలకు తగిలియ్యాలె. తిరిగి వచ్చినంక పైకి ఎక్కియ్యాలె.

ఇది గనిలో పద్ధతి. భూమి లోపటికి దిగే మనిషి ల్యాంపు రూములో తన బిళ్ళ ఇచ్చి బత్తీ తీసుకుంటడు. పైకి వచ్చినంక బత్తీ ఇచ్చి బిళ్ళ తీసుకుంటడు. షిఫ్టు అయిపోయినంక ఎవరి బిళ్ళ మిగిలితే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు బాపు పనిచేసే చోట పైకప్పు కూలింది. రాయి ఆయన మీద పడలేదు, ఆయన వచ్చే తొవ్వ మీద పడ్డది. అవతల ఒక్కడే చిక్కిండు. అందరూ బిళ్ళలు తీసుకపోయినంక ఒక్కటి మిగిలిందని ల్యాంపు రూములో ఎవరో చూసిండు. వెంటనే మనుషులు వెనకకు దిగి, రాళ్లు తీసి, బాపును పైకి తెచ్చిన్రు. ఆ చూసిన మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెల్వదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆయనకొక దండం పెట్టుకుంట.

ఆ దినమే నేను బడి అయినంక ఇంటికి రాకుండ దోస్తులతోని రేగుపండ్లకు పోయిన. బాపు ఒంటి నిండ బొగ్గుతోని ఇల్లు చేరేసరికి నేను లేను. పొద్దుగూకుతుంటే ఒడి నిండ రేగుపండ్లతో వచ్చిన. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కనాడే రెండుసార్లు సచ్చిన బిడ్డా, అన్నడంతే. మరునాడు నన్ను బడికి పంపలేదు. ఆ వారం పంపలేదు. తర్వాత చెక్క వచ్చింది.

బడి మాన్పించినా చదువు మాన్పించలేదు. బాపు పదో తరగతి దాక చదివినోడు. ఫస్ట్ షిఫ్టు వారం నాకు సాయంత్రం పాఠాలు, సెకండ్ షిఫ్టు వారం పొద్దున పాఠాలు. నైట్ షిఫ్టు వారం ఆయన కండ్లు మూతలు పడుతుంటే నేనే గట్టిగ చదువుకుంట ఆయన్ను నిద్రపుచ్చేదాన్ని. లెక్కలు, తెలుగు, దేశపటం. లైబ్రరీ నుంచి భక్తి పుస్తకాలు తెచ్చేటోడు. పుస్తకాల అట్టలకు మసి పట్టకుండ అంగీ కింద పెట్టుకొని తెచ్చేటోడు. ఆ ఇంటిని బందిఖాన అని రాస్తే నాకు పాపం తగుల్తది. అన్నం పెట్టింది, అక్షరం ఇచ్చింది, దేవుణ్ణి చూపింది. కాని కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు ఊపిరి సగం దాక వచ్చి ఆగిపోయేది. అదీ నిజమే.

తమ్ముని బిళ్ళ రోజుకు నాలుగుసార్లు కిందికి మీదికి ఆడేది. నాది గుడికి పోయినప్పుడు, దవాఖానకు పోయినప్పుడు, అదీ బాపు వెంట ఉంటేనే దిగేది. వానాకాలం తేమకు రేకు తుప్పుపట్టి, నా బిళ్ళ కింద చెక్క మీద గుండ్రంగ మరక పడ్డది. మిగతావాళ్ల బిళ్ళల కింద అట్ల పడలేదు.

కిటికీలకెళ్లి చూస్తే కాలనీ గోడ, గోడ మీదికెళ్లి ఒక గుట్ట. పెద్ద గుట్ట. ఇటు పక్క అంతా చెట్లు. వానలు పడంగనే పచ్చగయ్యేది, ఎండాకాలం ఎండుగడ్డి రంగుకు తిరిగేది. దాని వెనక, భూమిని పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు గని ఉన్నదని తెలుసు. మధ్యాహ్నం సైరన్ మోగి బ్లాస్టింగ్ అయితే గూట్ల గిన్నెలు గలగలమనేవి, దేవుడి పటం పక్కకు ఒరిగేది. సరిచేసుకునేదాన్ని. డంపర్లు గుట్ట ఎనక మట్టి పోస్తయని కూడా తెలుసు.

నాకు పదిహేడేండ్లు వచ్చిన ఏడు పక్క క్వార్టర్ పిల్ల ఒక పని మొదలుపెట్టింది. నా ఈడుదే, ఇంటర్ చదువుతుండె. నోరు పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. ఏటా బతుకమ్మకు పెద్దోళ్ల పాటలకే చప్పట్లు కొడుతున్నం, ఈసారి మన పాటలు మనమే కట్టుకుందాం అన్నది. ఐదుగురం పోగైనం. నేను ఎక్కడికీ పోలేను కాబట్టి మా వాకిట్లనే కూసున్నం. నీకేందే, దేవునసుంటిదానివి, అందరం నీ కాడికే రావాలె, అని అది ఎక్కిరిచ్చేది. పాత క్యాలెండర్ కాగితాల వెనక నేను రాసేదాన్ని. నా చేతిరాత బాగుంటదని వాళ్లు ఒప్పుకున్నరు. బాపు పుణ్యం.

షరతు కూడా పక్కింటి పిల్లనే పెట్టింది. ఆ దినం ఎవరు ఏది కండ్లార చూసిన్రో దాని మీదనే రాయాలె. విన్నది వద్దు, పుస్తకంల చదివింది వద్దు. తామరపూలు, హంసలు, వెన్నెల అని చూడకుండ రాస్తే ఆ కాగితం చించుతా అన్నది. ఒకామె మంచిర్యాల బస్సుల పోయి గోదావరి ఇసుక మీది కొంగలను తెచ్చింది. ఒకామె బొగ్గు లారీ మీద పడి నల్లగ కారే వానను తెచ్చింది. జ్యోతినగర్‌కు ట్యూషన్ పొయ్యే పిల్ల పెద్ద తెల్ల మబ్బును తెచ్చింది. అది మబ్బు కాదే, కరెంటు ప్లాంటు గొట్టం పొగ అని అందరం పొట్ట పట్టుకొని నవ్వినం. నేనే ఎక్కువ నవ్విన. ఆ పిల్ల మాత్రం, నాకు మబ్బులెక్కనే కొట్టింది, నేను రాస్త, అని మూతి ముడుచుకున్నది.

నువ్వేం చూసినవంటే నేను గుట్ట అన్న. మరునాడు అడిగినా గుట్టనే. మూడోనాటికి నాకు గుట్టక్క అని పేరు పెట్టిన్రు.

కోపం రాలేదు. నాకున్నది అదొక్కటే. దాన్ని నేను చూసినట్టు ఎవరూ చూడలేదు. పొద్దున దాని మీద మంచు ఎక్కడి దాక దిగుతదో, వాన ముందు ఏ పక్క నల్లబడుతదో, ఏ వారం కానుగలు చిగురు పెడతయో అన్నీ తెలుసు. దేవుడు నాకు లోకమంతా చూపకున్నా ఒక గుట్టను ఇచ్చిండు అనుకునేదాన్ని. నాలుగు వరుసలు కట్టిన.

*తూరుపు దిక్కున ఉయ్యాలో, తొలుసూరు గుట్ట ఉయ్యాలో*
*వానలు తాగినవు ఉయ్యాలో, పచ్చరైక తొడిగినవు ఉయ్యాలో*
*తాతలు చూసిన్రు ఉయ్యాలో, తల్లులు చూసిన్రు ఉయ్యాలో*
*ఎన్ని తరాలాయె ఉయ్యాలో, ఎవరికెరుక గుట్ట ఉయ్యాలో*

పక్కింటి పిల్ల దాన్ని ఎత్తుకొని పాడితే నా ఒళ్ళు జల్లుమన్నది. బతుకమ్మ ఆఖరి దినం, సద్దుల నాడు ఇదే ముందు పాడుదాం అన్నది. నా మాటలు బతుకమ్మ ఆడే కాలనీ గేటు దాక పోతయి, నేను పోకున్నా అవి పోతయి. ఆ సంతోషానికి ఆ రాత్రి రెండు అగర్‌బత్తులు ఎక్కువ ముట్టిచ్చిన.

మరునాడు ప్రాక్టీసు చేస్తుంటే లోపట బియ్యం ఏరుతున్న బాపమ్మ చేట పట్టుకొనే వాకిట్లకు వచ్చింది. ఆమె ఎప్పుడూ గుట్ట దిక్కు వీపు పెట్టి కూసునేది. ఎండ పడతదని అనుకునేటోళ్లం.

"గా తాతల ముచ్చట ఎవరు రాసిన్రే?"

నేనే అన్న, మెచ్చుకుంటదని.

"తీసెయ్యి బిడ్డా. గది గుట్ట గాదు. మా ఊరు."

మాకు అర్థం కాలేదు. ఆమె చేటను చేతుల్ల పట్టుకొని బోర్లించి చూపించింది. బియ్యం వాకిట్ల పడ్డయి.

"గిట్ల. పైన ఉన్నది అడుగుకు పోయింది. అడుగున ఉన్నది మీదికొచ్చింది. మా ఇల్లు, మా చెల్క భూమి, పోచమ్మ గద్దె అన్నీ గండ్ల బోర్ల వడ్డయి. నువ్వు నడక నేర్సినప్పుడు గక్కడ గడ్డపార మందం మిట్ట గూడ లేకుండె."

అంత చెప్పి కూసొని బియ్యం ఏరుకున్నది. మట్టి కలిసిన గింజలను కొంగుతోని తుడుసుకుంట ఒక్కొక్కటే ఏరింది. మేం సాయం పట్టబోతే వద్దన్నది.

అమ్మను అడిగితే ఔనన్నది. బొగ్గు మీది మట్టంతా తోడి అక్కడ పోసిన్రట, తర్వాత మొక్కలు పెట్టిన్రట. భూమి పోయిన ఇంటికి ఒక నౌకరి అని బాపుకు గని పని వచ్చిందట. అప్పుడు నాకు రెండేండ్లు. ఎందుకు చెప్పలేదంటే, నువ్వు ఎన్నడడిగినవు, అన్నది. నిజమే. ఉన్న గుట్ట ఎనక మట్టి పోస్తున్నరని అనుకున్న గాని, పోసిన మట్టే గుట్ట అయ్యిందని నాకు తోచనే లేదు. పొగను మబ్బన్న పిల్లను చూసి నవ్వినదాన్ని. ఆ పిల్ల తిరిగి నన్ను నవ్వలేదు. దానికి ఇప్పటికీ రుణపడి ఉన్న.

దోస్తులు తాతల వరుస ఒక్కటి కొట్టేద్దాం, మిగతాది ఉంచుదాం అన్నరు. నాకు మనసొప్పలేదు. బాపమ్మ ముంగట ఆ గుట్టను పచ్చరైక అని ఎట్ల పాడాలె? మొత్తం చించేసిన. పక్కింటి పిల్ల కాగితం ముక్కలు చూసి అడిగింది, మరి నీకు ఇంకేం కనబడుతదే అని. ఎక్కిరిచ్చి అనలేదు. నిజంగనే అడిగింది. నేను కిటికీ దిక్కు చూసిన. గోడ, గుట్ట. ఇంకేం లేదు. సద్దులకు నాలుగు దినాలున్నయి. అందరి పాటలు ఉంటయి, నాది ఉండది. ఆ ఇంట్ల ఉన్నంత కాలం ఉండది కూడా. ఏడేండ్లల్ల మొదటిసారి ఆ గోడలు నా మీదికి వచ్చినట్టయింది. దేవుడి గూడు ముందు కూసున్న. ఏం ఇమ్మని అడగాలె? నాకు కావాల్సింది దేవుడి చేతుల లేదు, తలుపు పక్క చెక్క మీద ఉన్నది.

ఆ ఏడు ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తుండె. గనులు బందు. బాపు రోజూ ఇంట్లనే. డంపర్లు లేవు, సైరన్ లేదు, మధ్యాహ్నం మధ్యాహ్నం లెక్కనే లేదు. అంత నిశ్శబ్దంల పావురాల చప్పుడు కూడా గట్టిగ వినబడేది. అటు కాపలా కూడా లేదని, గుట్ట మీద గునుగు పువ్వు తెల్లగ విరగబూసిందని, రేపు తెంపనీకి పోతున్నమని పిల్లలు వచ్చి చెప్పిన్రు. గునుగు లేకుండ బతుకమ్మ పేర్చేదే లేదు. నేను బాపు దగ్గరికి పోయి, నేను గూడ పోత అన్న. పదిహేడేండ్లల్ల అడుగుడు అదే మొదలు.

పోసిన మట్టి జారుతది, వద్దన్నడు. మంచిగనే చెప్పిండు. మట్టి ఎట్ల జారుతదో, పగుళ్లు ఎట్ల పడతయో పాఠం లెక్క చెప్పిండు. నేను తల ఊపిన. పాఠం చెప్పే మనిషికి ఎదురు చెప్పుడు నేను నేర్చుకోలేదు.

తెల్లారి బాపమ్మ స్నానం చేసి, చీర మార్చుకొని, తలుపు కాడికి వచ్చింది. తన ఆకు బిళ్ళ తీసి కింది మొలకు తగిలిచ్చింది. తర్వాత నా దీపం బిళ్ళ పట్టుకున్నది. అది తుప్పుకు అతుక్కొని రాలేదు. గోటితోని గీకి, ఊడబెరికి, దాన్ని కూడా కింద తగిలిచ్చింది. బాపు కుర్చీల నుంచి లేచిండు.

"ఏడికే అవ్వా?"

"నా ఇంటికి పోతున్న. ఇది నా మన్మరాలు, చూపిచ్చుకుంట. నీకు నౌకరొచ్చిన నాడు నేను ఏడ్వలే కొడుకా. ఒక్కసారి తీస్కపొమ్మని అడిగిన. రేపు మాపని పదిహేనేండ్లు జేసినవు."

బాపు చెక్క మీది రెండు ఖాళీ మొలలను చూసిండు. నాకు ఆ ఘడియ ఆయన మీద జాలేసింది. కాళ్లు మాత్రం తలుపు దాటనీకే చూస్తున్నయి. చివరికి ఆయన తన బత్తీ బిళ్ళ తీసి మా రెండింటి పక్కన తగిలిచ్చిండు. మూలకున్న కట్టె తీసుకున్నడు. పువ్వుకు పొయ్యే దోస్తులు గేటు కాడ మాతోని కలిసిన్రు.

గనిలో రాడుతోని పైకప్పును కొట్టి చప్పుడు వింటరట. గట్టిగుంటే ఒక తీరు, డొల్లగుంటే ఒక తీరు. బాపు ముందు నడుసుకుంట కట్టెతో నేలను అట్లనే కొట్టి, చెవి పెట్టి విని, ఇక్కడ కాలు పెట్టున్రి, ఇక్కడ పెట్టకున్రి అని చెప్పిండు. దోస్తులు నవ్వాపుకోలేకపోయిన్రు. కాక, భూమికి జ్వరం జూస్తున్నవా, అన్నది పక్కింటి పిల్ల. బాపు కూడా నవ్విండు. సమ్మె మొదలైనంక ఆయన నవ్వంగ చూసుడు అదే మొదలు.

పైకి ఎక్కినంక అవతల చూసిన. ఈ గుట్ట ఎంత ఎత్తున్నదో అటు అంత గుంట. మెట్లు మెట్లుగ, నల్లగ, అడుగున నీళ్లతోని. ఇటు తిరిగితే కాలనీ. క్వార్టర్లన్నీ ఒక్క తీరే, మాది ఏదో దొరకలేదు. తీగ మీద ఆరేసిన బాపమ్మ ఆకుపచ్చ చీరను బట్టి గుర్తుపట్టిన. దాని పక్కన అగ్గిపెట్టె అంత కిటికీ. ఏడేండ్లు అంతల పట్టినదాన్నా అనిపించింది. ఏడుపు రాలేదు, సిగ్గయింది.

బాపమ్మ కూసొని మట్టి పట్టి చూసింది. బూడిద రంగు రాళ్లు, పలకలు పలకలుగ విరిగేవి. గిది మా మట్టి గాదు, మాది ఎర్రది, అన్నది. ఇల్లు ఏ దిక్కు ఉండెనో చూపియ్యబోయి చెయ్యి ఎత్తి, దించింది. దిక్కులు తెల్వకుంటయినయి అన్నది. తర్వాత గునుగు దిక్కు పోయింది. కానుగ చెట్లన్నీ వరుసలల్ల ఉన్నయి, ఎవరో కొలిచి పెట్టినట్టు. గునుగు మాత్రం ఎక్కడపడితే అక్కడ, రాళ్ల సందులల్ల, చెట్ల నడుమ.

"దీన్నెవరు పెట్టలే," అన్నది బాపమ్మ. "గిది మా చెల్కల గునుగే. నా వెనకనే వచ్చింది."

ఔనో కాదో నాకు తెల్వదు. గాలికి ఎక్కడి గింజలైనా వస్తయి. కాని ఆమె ఆ పువ్వును కండ్లకు అద్దుకున్నది, చూసి నేను కూడా అద్దుకున్న. బాపు గుంట దిక్కు వీపు పెట్టి నిలబడి మమ్ములను లెక్కపెడుతుండె. పెదవులు కదులుతున్నయి. ఎవరన్నా వంగితే మళ్ల మొదటి నుంచి లెక్కపెట్టేటోడు. పావుగంట దాటనియ్యలేదు.

ఆ సాయంత్రం రెండు వరుసలే కట్టిన. చూసిందే రాసిన.

*ఎవరు పెట్టని పువ్వు ఉయ్యాలో, ఏడ మొలిచినవే ఉయ్యాలో*
*బోర్ల పడ్డ ఊరి ఉయ్యాలో, వీపు మీదనే ఉయ్యాలో*

సద్దుల నాడు పక్కింటి పిల్ల ఎత్తుకున్నది. కాలనీ గేటు దాక బాపు నన్ను తీసుకపోయి పక్కన నిలబడ్డడు. బాపమ్మ ఏనాడూ ఆ కాలనీ బతుకమ్మ ఆడలేదు, మన ఊరోళ్లు లేరు, ఎవరితోని ఆడాలె అనేది. ఆనాడు వచ్చి నా పక్కన నిలబడి వంగి చప్పట్లు కొట్టింది. రెండు వరుసలే కాబట్టి వెంటనే అయిపోయింది. మళ్ల పాడుమన్నది.

సమ్మె అయిపోయి బాపు డ్యూటీకి పొయ్యే దినం, బూట్లు తొడుక్కొని, నా బిళ్ళ తెచ్చి చేతుల పెట్టిండు. తుప్పు అంతా రుద్ది తీసిండు.

"ఇగ నీది నువ్వే ఏసుకో. కాని ఏసుడు మాత్రం మర్వకు బిడ్డా."

తలుపు తీసే ఉన్నదని రాయాలని ఉన్నది గాని, అట్ల జరగలేదు. పదకొండు దినాలు ఆ బిళ్ళను నేను పై మొల నుంచి తియ్యలేదు. ఎటు పోవాలో తెల్వలేదు. పన్నెండోనాడు పక్కింటికి పోయి ఒక పాట కట్టుకొని వచ్చిన. తర్వాత దూరం పెరిగింది. కాని ఆయన ఇంట్ల ఉంటే నేను కదలకపొయ్యేదాన్ని. కింది మొలకు నా బిళ్ళ ఉంటే ఆయన అన్నం కూడా తినకుండ తలుపు కాడనే నిలబడ్డది ఒకసారి చూసిన. అందుకే ఆయన గనిలోకి దిగినంక పోయి, ఆయన పైకి వచ్చేలోపల వచ్చి, బిళ్ళను పైకి ఎక్కిచ్చేదాన్ని. చెట్లు, వాగు, చెరువు కట్ట, ఏది రాసినా షిఫ్టు గంట చూసుకుంట రాసిన. ఇప్పటికీ నా పాటలు పొట్టివే.

రాష్ట్రం వచ్చిన నాడు కాలనీ అంతా రోడ్డు మీద ఉన్నది. రంగులు, డప్పులు. బాపు ఇంటికి సున్నం వెయ్యాలని చెక్కను గోడ నుంచి దించిండు. బిళ్ళలన్నీ తీసి, మొలలను తడిమి చూస్తుండె. కింది వరుసల నా మొల దగ్గర ఆయన వేలు ఆగింది. మిగతావాళ్ల మొలల లెక్కనే అది కూడా బిళ్ళ రాకిడికి నున్నగ మెరుస్తుండె. నేను గుమ్మం కాడ నిలబడ్డ.

ఆయన నా దిక్కు చూడలేదు. సుత్తె తెమ్మన్నడు. తెచ్చిచ్చిన. ఆ మొల వదులైందని పీకి, దాని చోట ఇంకా పెద్దది కొట్టిండు. ఊపి చూసిండు, కదలలేదు. చెక్కను గోడకు తగిలిచ్చి, నా బిళ్ళను నాకిచ్చి, రోడ్డు మీద ఆడపిల్లలంతా పాడుతున్నరు పో, అన్నడు. తను ఇంట్లనే కూసున్నడు.

నేను బిళ్ళను కింద తగిలిచ్చి బయటికి నడిచిన. మూల తిరిగే దాక వెనకకు చూడలేదు, ఆయన తలుపు కాడ నిలబడి ఉంటడని తెలిసి.